కాటుకను అప్పుడే ఎవరికీ ఇవ్వకు

గుడివాడ,
ఆదివారం ఉదయం

చిరంజీవి మాధవికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. సుబ్బులు పిన్ని వాళ్లు ఇంటికి రంగులు వేయిస్తున్నారు. నూతి పక్కన కరివేపాకు మళ్లీ చిగిర్చింది. నువ్వు ఫోను చేసి పందొమ్మిది రోజులైంది. ఆఫీసులో పని ఎక్కువగా ఉంటుందని తెలుసు కనుక ఆ మాట ఎత్తకూడదనుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అయితే మొన్న చిట్టిబాబు వచ్చి, నీ కుందేలు కాటుకను ఎవరైనా తీసుకుంటారేమోనని నువ్వు అందరినీ అడుగుతున్నావని చెప్పాడు. వాడు సగం విని సగం అల్లే మనిషి. అది నిజం కాకపోతే నాకంటే సంతోషించేవారు ఉండరు.

దాని జత కుందేలు వెన్న పోయిన రోజు "నేనే చంపుకున్నానమ్మా" అని నువ్వు ఏడ్చినప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఎనిమిదేళ్లు కళాశాలలో జంతుశాస్త్రం చెప్పాను. పేగుల మధ్య పెద్ద సంచిలా ఉండే అంధనాళాన్ని, అందులో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులను, రాత్రివేళ వచ్చే మెత్తటి పెంటికలను కుందేలు తిరిగి తినే పద్ధతిని పిల్లల చేత వల్లె వేయించాను. కానీ ప్రాణంతో ఉన్న కుందేలు ఒక పూట మేత ముట్టకపోతే ఏం చేయాలో నాకు తెలియలేదు. "పొద్దుటికి సర్దుకుంటుందిలే, నిద్రపో" అని ఆ శనివారం రాత్రి నీతో అన్నది నేనే. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. అందుకని బుధవారం నాడు నాన్నగారితో పిన్ని ఇంటికని చెప్పి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, గన్నవరం పశువైద్య కళాశాలకు వెళ్లాను.

అక్కడి ఆసుపత్రిలో చీటీలు రాసే అబ్బాయి "ఏ జంతువమ్మా?" అని అడిగాడు. కుందేలని చెప్పాను. ఎక్కడుందన్నాడు. "ఒకటి పోయింది బాబూ, ఇంకొకటి హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర ఉంది, దాని కోసం డాక్టరుగారిని నాలుగు మాటలు అడగాలి" అన్నాను. అతను నా ముఖం వంక చూసి, ఏమీ రాయకుండానే బల్ల చూపించి కూర్చోమన్నాడు. నా పక్కన ఉంగుటూరు నుంచి మేకను తెచ్చుకున్న ఒకావిడ ఉన్నది. నా కథంతా విని, "ఇంతదూరం కుందేలు కోసం వచ్చారా, పిల్ల కోసం వచ్చారా?" అని అడిగింది. రెండింటి కోసమూ అన్నాను. ఆవిడ తన సంచిలోంచి జామకాయ తీసి చేతిలో పెట్టింది.

పదకొండున్నర దాటాక ఒక చిన్న డాక్టరమ్మ పిలిచింది. నీకంటే రెండేళ్లు పెద్దదై ఉంటుంది. సరిగ్గా అప్పుడే బడి పిల్లవాడొకడు అట్టపెట్టెలో బూడిదరంగు కుందేలును తెచ్చాడు. ముందు దాన్ని చూస్తానని, నన్నూ పక్కనే నిలబడమన్నది. ఒక చెయ్యి ఛాతీ కింద, రెండో చెయ్యి పిరుదుల కింద ఆనించి, తన పొట్టకు అదుముకుని దాన్ని ఎత్తింది. చెవులు పట్టుకుని ఎత్తితే అది వెనక కాళ్లు విదిలించిన జోరుకు దాని వెన్నెముకే విరుగుతుందని ఆ పిల్లవాడికి చెప్పింది. తరువాత చెవులు పరీక్షించే దీపపు గొట్టాన్ని నోటి పక్కనుంచి లోపలికి పోనిచ్చి, నన్నూ చూడమన్నది. కింది దవడ పన్ను అంచు సూదిలా సాగి నాలుక పక్కన గుచ్చుకుంటోంది. దాని గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి అట్టకట్టింది. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయని నేను ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు, ఆ సూదిని మాత్రం అదే మొదటిసారి చూడటం. రోజంతా గడ్డి నమిలితేనే అవి అరుగుతాయట. క్యారెట్లు, గింజల దాణా తిని పెరిగిన కుందేళ్లకు ఈ గతి పడుతుందట.

అప్పుడు నీ ఫోనులోంచి వచ్చిన మందుల చీటీ చూపించి, వెన్న సంగతి మొదటి నుంచీ చెప్పాను. శనివారం సాయంత్రం కొత్తిమీర వాసన చూసి వదిలేసింది. ఆదివారం పొద్దుటికి శనగగింజంత ఉండాల్సిన పెంటికలు మిరియాలంత అయి, మధ్యాహ్నానికి అసలే ఆగిపోయాయి. అదివరకు తెలిసిన క్లినిక్కులన్నీ మూసి ఉండటంతో సాయంత్రం దొరికిన చోటికి తీసుకెళ్లావు. మంగళవారం పోయింది. ఆమె అంతా విని, పంటి నొప్పో, భయమో, ఎండో ఏదో ఒకటి ముందు మేత మాన్పిస్తుందని, మేత ఆగితే పేగులు కదలటం మానేస్తాయని, లోపల వాయువు చేరి నొప్పి పుడుతుందని, ఆ నొప్పికి అది ఇంకా తినదని చెప్పింది. పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు పడకపోయినా పొద్దుటిదాకా ఆగకూడదట. వేటాడే జంతువుల కంటపడకుండా బతకాల్సిన ప్రాణి గనుక నొప్పిని చివరిదాకా దాచుకుంటుంది, మనకు కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది. చీటీలో అమోక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ సిరప్ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. మనకూ కుక్కలకూ అది మామూలు మందే. కుందేలుకు నోటి ద్వారా ఇస్తే మాత్రం అంధనాళంలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరుగుతాయట. వెన్న దానివల్లనే పోయిందని తాను చెప్పలేనని, అప్పటికే ఒక రోజు గడిచిపోయిందని కూడా అన్నది. ఆ డాక్టరు కావాలని చేశాడని నేను అనుకోను. రోజూ కుక్కలనూ పిల్లులనూ చూసే చెయ్యి అది. నువ్వు ఆ రాత్రంతా దాని పక్కన నేల మీద పడుకున్నావు, మూడుచోట్లకు తిరిగావు. నీకు ఎవరూ చెప్పని సంగతికి నిన్ను నువ్వు శిక్షించుకోవటం న్యాయం కాదు.

అందుచేత ఇప్పుడు కాటుక బాగున్నప్పుడే దానికి వైద్యుణ్ణి వెతుక్కో. నీకు రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది, నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. మియాపూర్ నుంచి దూరమే అయినా ఒక శనివారం సెలవు పెట్టుకుని వెళ్లు. ప్రైవేటు క్లినిక్కులకైతే ముందు ఫోను చేసి, నెలకు ఎన్ని కుందేళ్లు వస్తాయో, రాత్రివేళ ఎవరుంటారో అడుగు. ఇంకొక్క ప్రశ్న తప్పకుండా వేయి. ఆపరేషనుకు ముందు రాత్రి నుంచి కుందేలును పస్తు ఉంచాలా అని అడుగు. ఉంచాలని చెప్పారంటే నమస్కారం చెప్పి వచ్చేయి. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని కడుపు ఖాళీగా ఉంటేనే ప్రమాదం. ఈ ఒక్క ప్రశ్నతో కుందేలు తెలిసినవారెవరో తేలిపోతుందని ఆ డాక్టరమ్మ అన్నది. ఒంటి మీది పురుగులకు మందు పేరుతో ఫిప్రోనిల్ చుక్కలు ఎవరిచ్చినా వేయనివ్వకు, అవి కుక్కలకు, పిల్లులకే. కాటుకకు మూడేళ్లు నిండాయి కాబట్టి గర్భసంచి తీసే ఆపరేషను గురించి కూడా అడుగు. ఆపరేషను చేయించని ఆడ కుందేళ్లకు వయసు మీద పడ్డాక అక్కడ క్యాన్సర్ రావటం చాలా ఎక్కువ. పాఠం చెబుతున్నానని విసుక్కోకు, ఇవన్నీ గన్నవరంలో బస్సు కోసం నిలబడి చీటీ వెనక రాసుకున్నాను.

కాటుక మేత తింటున్నదా? చిట్టిబాబు మాటను నేను నమ్మలేదు, అయినా అడుగుతున్నాను. జతగా పెరిగిన కుందేళ్లలో ఒకటి పోతే రెండోది కూడా దిగులుతో మేత మానేయవచ్చట. వెన్న శరీరాన్ని దాని పక్కన కాసేపు ఉంచావని చెప్పావు, అది మంచి పనేనని డాక్టరమ్మ కూడా అన్నది. ఇటువంటి సమయంలో దాన్ని కొత్త మనుషుల చేతిలో, కొత్త ఇంట్లో పెడితే ఏమవుతుందో ఆలోచించు. నీ వల్ల కాదనిపిస్తే ఇక్కడికి తీసుకురా. గాలి తగిలే వెనక గదిలో ఉంచుకుందాం, నాన్నగారికి కూడా పొద్దున్నే లేవటానికి ఒక పని ఉంటుంది. కాకపోతే నీ దగ్గర ఉండటమే దానికీ నీకూ మంచిదని నాకు అనిపిస్తోంది.

వంటింటి కాటా మీద వారానికొకసారి దాని బరువు చూసి క్యాలెండరులో రాయి. ఎండలు ముదిరేలోగా దాని పంజరాన్ని బాల్కనీ నుంచి హాల్లోకి మార్చు. నీళ్ల సీసాను ఫ్రీజర్లో గడ్డకట్టించి, తువాలు చుట్టి పక్కన పెడితే అదే వచ్చి ఆనుకుంటుంది. పొట్ట డప్పులా బిగుసుకుని ఉన్నప్పుడు మాత్రం సిరంజితో ఏదీ పట్టవద్దు, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తు. చేతిలో డబ్బు లేకపోతే నాన్నగారిని అడగకుండా నాకు చెప్పు.

రాత్రి బండికి పెదనాన్నగారి అబ్బాయి వస్తున్నాడు. అతని చేత ఒక గోనెసంచి పంపిస్తున్నాను. అందులో ఉన్నది మన పెరటి గరిక, పురుగుమందు తగలనిది, మూడు రోజులు నీడలో ఆరబెట్టాను. తడి ఏమైనా మిగిలిందేమో విప్పి చూసి, బూజు వాసన వస్తే పారేయి. సంచి పైభాగాన కాగితంలో చుట్టినవి నీకు, సున్నుండలు. నువ్వు తిన్నావో లేదో, కాటుక గరిక ముట్టిందో లేదో సోమవారం రాత్రి ఫోను చేసి చెప్పు. పదకొండు దాటినా ఫరవాలేదు, మెలకువగానే ఉంటాను.

ఆశీస్సులతో,
అమ్మ