మూట కుట్టకుండా తెండి: మా పార్సిల్ ఆఫీసులో మారిన పద్ధతుల గురించి

మా పార్టీలందరికీ నమస్కారం. రవాణా వ్యాపారంలో సరుకు పంపేవారిని పార్టీ అనడం అలవాటు కాబట్టి అలా అంటున్నాను, ఎన్నికలతో దీనికి సంబంధం లేదు.

వరంగల్‌లోని మా కౌంటరు దగ్గర కొన్ని వారాలుగా మూటలు విప్పించడం, ఆధార్ కార్డు అడగడం, సాయంత్రం ఆరు దాటితే బుకింగ్ తీసుకోకపోవడం మీలో చాలామందికి ఇబ్బందిగా ఉందని నాకు తెలుసు. పన్నెండేళ్లుగా మా దగ్గర బట్టల కట్టలు బుక్ చేస్తున్న ఒక పెద్దాయన, "ఏం సేటూ, ఇన్నేండ్లకు నేను నీకు దొంగలెక్క కనబడుతున్ననా?" అని అడిగి, కట్టను తిరిగి ఆటోలో వేయించుకుని వెళ్లిపోయారు. జరిగిన సంగతి ఎవరికీ చెప్పకూడదన్న సంకోచంతో ఆయనకు ఆ రోజు జవాబు ఇవ్వలేకపోయాను. కారణం దాచిపెట్టి నియమాలు మాత్రం రుద్దడం సరైన పద్ధతి కాదని తర్వాత అనిపించింది. అందుకే జరిగినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మా డీసీఎం వాహనం వరంగల్ నుంచి పరకాల, భూపాలపల్లి, మహాదేవపూర్ మీదుగా కాళేశ్వరం వెళ్లి, గోదావరి వంతెన దాటి మహారాష్ట్రలోని సిరొంచ వరకు తిరుగుతుందని మీకు తెలుసు. పోయేటప్పుడు బండి నిండుగా పోతుంది, వచ్చేటప్పుడు సగం కూడా నిండదు. డీజిలు ఖర్చు రెండు వైపులా ఒకటే కాబట్టి, తిరుగు ప్రయాణంలో ఏ సరుకు దొరికినా వేసుకుని రమ్మని డ్రైవరుకు నేనే చెప్పి ఉంచాను. మే నెల మూడో వారంలో అతను సిరొంచలో ఆరు బస్తాలు ఎక్కించుకున్నాడు. పశువుల దాణాకు వాడే పత్తి చెక్క అని పంపినవాళ్లు చెప్పారు. లారీ రసీదు రాయలేదు, బిల్లు లేదు, పంపినవారి పేరుకు బదులు ఒక ఫోన్ నంబరు మాత్రం చీటీ మీద ఉంది. కిరాయి వరంగల్‌లో సరుకు దించుకునేవారు ఇస్తారని, అంటే టు పే అని మాట్లాడుకున్నారు.

భూపాలపల్లి దాటిన తర్వాత రాత్రి పదకొండు గంటలకు వ్యవసాయ శాఖ, పోలీసు శాఖ కలిసి చేస్తున్న తనిఖీలో బండిని ఆపారు. డ్రైవరు ఫోన్ చేయగానే నేను మోటారు సైకిలు మీద బయలుదేరి వెళ్లాను. ఒక అధికారి మొనదేలిన ఇనుప గొట్టాన్ని ఒక్కొక్క బస్తాలో గుచ్చి బయటికి లాగుతున్నారు. మొదటి మూడింటిలో గోధుమరంగు పత్తి చెక్క పొడి వచ్చింది. నాలుగో బస్తాలో పైన చెక్కే ఉంది కానీ, గొట్టం లోతుకు దిగి వచ్చేసరికి దాని నిండా గులాబీ రంగు పూసిన పత్తి గింజలు ఉన్నాయి. ఆయన వాటిని నా అరచేతిలో పోశారు. ఆ రంగు ఇంటికి వచ్చి సబ్బుతో కడిగినా పూర్తిగా వదలలేదు. ఆరో బస్తాలోనూ అవే గింజలు బయటపడ్డాయి.

అవి గడ్డిమందు తట్టుకునే పత్తి విత్తనాలు. ఊళ్లలో బీజీ-3 అంటారు, లూజు విత్తనాలనీ అంటారు. మన దేశంలో 2002లో మొదటి బీటీ పత్తికి, 2006లో బీజీ-2 రకానికి అనుమతి వచ్చింది గాని, గడ్డిమందును తట్టుకునే రకానికి సాగు అనుమతి రాలేదు. అనుమతి ఉన్న విత్తనం 475 గ్రాముల ప్యాకెట్‌లో, కంపెనీ పేరు, లాట్ నంబరు, గడువు తేదీతో వస్తుంది. బస్తాలో పోసి తెచ్చిన దానికి ఇవేవీ ఉండవు. మొలక రాకపోయినా, పూత రాలిపోయినా రైతు చేతిలో బిల్లు ముక్క ఉండదు కాబట్టి పరిహారం అడగడానికి దారి ఉండదు. కలుపు కూలీలు దొరకక, దొరికినా ఆ కూలి భరించలేక రైతులు వీటి వైపు పోతున్నారన్నది నిజం, దానికి నేను వాళ్లను తప్పుపట్టను. మృగశిర కార్తెకు ముందు, రైతు విత్తనం కోసం వెతుకులాడే రోజుల్లో ఆ అవసరాన్ని సొమ్ము చేసుకునేవాళ్లు వేరే ఉన్నారు, ఆ సొమ్ము మోసుకొచ్చింది మాత్రం నా బండి.

ఆ చీటీ మీది ఫోన్ నంబరు ఆ రాత్రి నుంచి మోగలేదు. బండి పదకొండు రోజులు స్టేషను ఆవరణలో ఎండకు నిలబడింది. కోర్టులో పిటిషను వేసి, పూచీకత్తు రాసి ఇచ్చిన తర్వాతనే అది బయటికి వచ్చింది, కేసు ఇంకా నడుస్తోంది. ఆ బండిలో నిషిద్ధ సరుకు రెండు బస్తాలే అయినా, మిగిలిన సరుకంతా మీది. మహాదేవపూర్ నుంచి వస్తున్న దసలి పట్టు చీరల కట్ట ఒకటి, వైండింగ్ కోసం వరంగల్ పంపిన మోటార్లు మూడు, ఒక కిరాణా దుకాణం తిప్పి పంపిన నూనె డబ్బాలు కొన్ని పంచనామా పూర్తయ్యే వరకు కదలలేదు. చీరలకు నష్టం జరగలేదు. మోటార్ల యజమానుల్లో ఒకాయన కూరగాయల మడి మాత్రం ఆ పదకొండు రోజుల్లో నీళ్లు లేక ఎండిపోయింది. చట్టప్రకారం మా బాధ్యత సాధారణంగా కిరాయికి పదింతల వరకే ఉంటుంది. కానీ ఆ లెక్క చెప్పి తప్పించుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. కిరాయి వెనక్కి ఇచ్చి, వైండింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

తనిఖీ చేసినవారి మీద నాకు కోపం లేదు, ఆ చీకట్లో వాళ్లు ఆ గొట్టం గుచ్చకపోతే ఆ గింజలు ఈపాటికి ఎవరి చేనులోనో ఉండేవి. అయితే నేరం బయటపడ్డ రెండు బస్తాలను తీసి ఉంచి, బిల్లులు సరిగా ఉన్న మిగతా సరుకును మర్నాడే వదిలిపెట్టడానికి వీలుండాలి. మూడు మోటార్లను పదకొండు రోజులు ఆపడం వల్ల ఏ కేసు బలపడిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వకీలు గారు నన్ను కూర్చోబెట్టి చట్టం వివరించినప్పుడు నాకు అసలు సంగతి తెలిసింది. విత్తనాల వ్యాపారాన్ని నియంత్రించే ఉత్తర్వు 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద ఉంది. ఆ చట్టంలోని 6బి సెక్షను ప్రకారం వాహనం జప్తు కాకుండా ఉండాలంటే, సరుకు సంగతి నాకు తెలియదని చెబితే సరిపోదు, అలా జరగకుండా సహేతుకమైన, అవసరమైన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని యజమాని రుజువు చేయాలి. గంజాయికి వర్తించే 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టంలోని 60వ సెక్షనులోనూ ఇలాంటి షరతే ఉంది. "నీకు తెలుసా?" అన్న ప్రశ్నకు నా దగ్గర నిజాయితీగల జవాబు ఉంది. "ఏం జాగ్రత్త తీసుకున్నావు?" అన్న ప్రశ్నకు మాత్రం చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు.

నిజానికి ఆ కాగితం కొత్తదేమీ కాదు. 2007లో చేసిన రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం సరుకు పంపేవారు అది ఏమిటో, ఎంత విలువ చేస్తుందో రాసి సంతకం చేసిన పత్రం ఇవ్వాలి, అందులోని వివరాలకు వారే బాధ్యులు. మేము కూడా ఆ పత్రాలు అచ్చు వేయించి పెట్టుకున్నాము. అవి అటక మీద పదేళ్లుగా కట్ట విప్పకుండా ఉన్నాయి. తీస్తే సగం చెద పట్టింది. నలుగురు మనుషులతో నడిచే ఆఫీసులో నమ్మకమే రసీదు అనుకుంటూ వచ్చాము.

ఇక మీకు వర్తించే మార్పుల సంగతి. ఇకమీదట లారీ రసీదులో "కిరాణా", "సామాను", "వస్తువులు" అని రాయము. మూటలో ఉన్నది మీ ఎదుటే చూసి, కాంటా వేసి, ఫోటో తీసి, నంబరున్న సీలు వేస్తాము. పంపేవారి గుర్తింపు కార్డు నకలు ఉంచుకుంటాము, ఆ ఫోన్ నంబరుకు కౌంటరు నుంచే ఒకసారి రింగు ఇచ్చి చూస్తాము. తెలియనివారి నుంచి టు పే సరుకు తీసుకోము. తిరుగు ప్రయాణంలోనూ ఇదే పద్ధతి, డ్రైవరు తనంతట తాను దారిలో ఏ బస్తా ఎక్కించుకోడు. అలా ఖాళీగా వచ్చే బండి ఖర్చుకు, తనిఖీకి పెట్టుకున్న అదనపు మనిషి జీతానికి కలిపి ఒక్కో నగకు, అంటే ఒక్కో మూటకు లేదా పెట్టెకు, పదిహేను రూపాయలు పెంచుతున్నాము. ఈ పెంపు మీకు నచ్చదని తెలుసు.

బియ్యం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గొడవ అక్కడే వస్తోంది. రేషన్ దుకాణాల్లో దొడ్డు బియ్యం ఇచ్చిన రోజుల్లో మా హమాలీలు గింజను చూసి రేషన్ బియ్యమో కాదో చెప్పేవారు. 2025 మార్చి 30న ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పథకం ప్రారంభమైంది. ఇప్పుడు మనిషికి ఆరు కిలోల చొప్పున వచ్చేది సన్న బియ్యమే కాబట్టి, దాన్ని ఇంటి బియ్యం నుంచి కంటితో వేరు చేయడం ఎవరివల్లా కాదు. పేదలకు ఉచితంగా ఇచ్చే బియ్యాన్ని కొని, సంచులు మార్చి, గోదావరి దాటించేవారు మా మార్గంలోనే తిరుగుతారన్నది ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త విషయం కాదు. అందుకని సొంత వడ్లు మర పట్టించుకున్న రైతులు మిల్లు చీటీ తెస్తేనే బియ్యం బుక్ చేస్తాము. చదువుకునే పిల్లలకు పది కిలోలు పంపే తల్లిదండ్రులకు ఈ షరతు లేదు, సంచి మూతి విప్పి చూపితే చాలు.

బెల్లానికీ ఇలాంటి చిక్కే ఉంది. మేడారం జాతరకు మనం నిలువెత్తు బెల్లాన్ని బంగారమని తూకం వేసి సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లిస్తాము, అదే బెల్లం పటికతో కలిసి గుడుంబా బట్టీకి చేరితే ఎక్సైజ్ కేసు అవుతుంది. మొక్కు బెల్లానికి అడ్డు చెప్పము. నల్ల బెల్లం బస్తాల్లో వచ్చినా, బెల్లంతో పాటు పటిక వచ్చినా తీసుకోము. గంజాయి మాట ఎత్తితే కొందరు నవ్వుతారు కానీ, ఆంధ్రా–ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం మీదుగా వచ్చే సరుకు మన దారులనూ వాడుకుంటుంది. 20 కిలోలు దాటి దొరికితే వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది, శిక్ష పదేళ్లకు తగ్గదు. దుకాణాలవారికి ఇంకొక మాట: గుట్కా పెట్టెలను బిస్కెట్ల మధ్య పెట్టి పంపే అలవాటు ఎవరికైనా ఉంటే మమ్మల్ని వదిలేయండి.

దుకాణదారులకు ఈ-వే బిల్లు గురించి, అంటే సరుకు కదిలే ముందు జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే రవాణా పత్రం గురించి కొంత చెప్పాలి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక సరిహద్దుల్లోని వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి, దానితో తనిఖీ పోయిందని చాలామంది అనుకున్నారు. ఇప్పుడు అది దారిలో ఎక్కడైనా జరుగుతుంది. 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు లేకపోతే పన్నుకు రెండింతల జరిమానా పడుతుంది. 80 వేల సరుకు మీద 18 శాతం పన్ను 14,400 అనుకుంటే జరిమానా 28,800 రూపాయలు. దీన్ని తప్పించుకోవడానికి ఒకే తేదీన, ఒకే పేరు మీద 48 వేలు, 49 వేలు, 47 వేలని మూడు బిల్లులు కొట్టించి తెచ్చేవారున్నారు. ఆ మూడు బిల్లులు ఒకే బండిలో కనబడితే ఏ అధికారికైనా అనుమానం రాక మానదు, ఆ అనుమానం తీరేవరకు ఆగేది అందరి సరుకు. అలాంటి వాటికి ఈ-వే బిల్లు తీసి తెస్తేనే ఎక్కిస్తాము. రెండు వందల కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది కాబట్టి, మా మార్గానికి ఈరోజు తీసిన బిల్లు రేపు అర్ధరాత్రి దాకా చెల్లుతుంది. గతంలో బండి నిండలేదని మేమే సరుకును రెండు రాత్రులు గోడౌన్లో ఉంచి, మీ బిల్లు గడువు దాటబెట్టిన సందర్భాలున్నాయి. అది పూర్తిగా మా తప్పు. ఇకపై గడువు దగ్గర పడితే, నిండినా నిండకపోయినా బండి కదులుతుంది. పిన్‌కోడ్‌లోనో, బండి నంబరులో ఒకటి రెండు అంకెల్లోనో పొరపాటు పడితే భయపడవద్దు. 2018 సెప్టెంబరులో వచ్చిన సర్క్యులర్ ప్రకారం అలాంటి చిన్న తప్పులకు సరుకు ఆపకుండా కేంద్ర, రాష్ట్ర పన్నుల కింద ఐదేసి వందలు మాత్రమే వసూలు చేయాలి. ఆ సర్క్యులర్ నకలు ఇప్పుడు మా డ్రైవరు దగ్గర ఉంటుంది.

ఈ పద్ధతి మొదలుపెట్టిన రెండో రోజున ఒక పెద్దమ్మ మంచిర్యాలలో ఉన్న బిడ్డకు మామిడికాయ తొక్కు, సకినాలు కట్టుకుని తెచ్చారు. గోనె సంచి చుట్టూ పాత చీర చుట్టి, దబ్బనంతో నాలుగు వైపులా ఇంట్లోనే కుట్టుకుని వచ్చారు. విప్పమని చెప్పడానికి మా గుమాస్తాకు నోరు రాలేదు, నేనే చెప్పాల్సి వచ్చింది. "చూస్కో బిడ్డా, బాంబులున్నయి" అని ఆమె నవ్వారు. కానీ దారం తెంపేటప్పుడు గిన్నె ఒరిగి సకినాలు చాలావరకు విరిగిపోయాయి. ఆ పార్సిలుకు కిరాయి తీసుకోలేదు. అంచేత మిమ్మల్ని కోరేది ఒక్కటే. మూటను ఇంట్లో కుట్టి తీసుకురాకండి, మూతి ముడివేసి తెండి. దబ్బనం, పురికొస, కుట్టే మనిషి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు మా కౌంటరు దగ్గరే ఉంటారు, కుట్టు కూలి అడగము. మే నెలలో సరుకు ఆగిపోయి నష్టపోయినవారిలో ఇంకా ఎవరికైనా లెక్క తేలకుండా ఉంటే, పాత లారీ రసీదు తీసుకుని ఏ మధ్యాహ్నమైనా రండి, నేను ఆఫీసులోనే ఉంటాను.