కేటలాగులో కృతికి చోటేది?

సంపాదకులు గారికి,

గ్రంథాలయాల ఆధునికీకరణ ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొత్త కంప్యూటర్లు, మొబైల్ యాప్, పుస్తకాలకు అంటించే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల గురించే మాట్లాడుకుంటున్నాం. ఆ యాప్ వెనుక ఉన్న కేటలాగు రికార్డు ఏ నమూనా మీద నడుస్తోందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. పుస్తకం దొరుకుతుందా లేదా అన్నది తేలేది అక్కడే.

టాల్‌స్టాయ్ ‘అనా కరేనినా’నే తీసుకుందాం. దానికి 1901లో కాన్‌స్టన్స్ గార్నెట్ చేసిన ఆంగ్లానువాదం ఉంది, 2000లో పెవియర్, వొలోఖోన్‌స్కీ దంపతులు చేసిన అనువాదమూ ఉంది. గార్నెట్ అనువాదాన్నే ఎందరో ప్రచురణకర్తలు గట్టి అట్టతోనూ, పేపర్‌బ్యాక్‌గానూ, పెద్ద అక్షరాలతోనూ అచ్చు వేశారు. చాలా కేటలాగుల్లో వీటన్నిటికీ వేర్వేరు రికార్డులే ఉంటాయి, కొన్నింటిలో అనువాదకుల పేరైనా ఉండదు. గార్నెట్ అనువాదం ఏ ముద్రణైనా ఫరవాలేదనుకునే పాఠకురాలు ఒక రికార్డు మీద రిజర్వేషన్ పెడుతుంది. ఆ ప్రతి ఎవరి ఇంట్లోనో ఉంటుంది, అదే పాఠం మరో ముద్రణలో అదే గ్రంథాలయం బీరువాలో ఖాళీగా ఉంటుంది. రెండూ ఒకటేనని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు కనుక ఆమె వారాల తరబడి ఎదురుచూస్తుంది.

దీనికి సిబ్బందిని తప్పు పట్టలేం. 1960లలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ నాయకత్వంలో రూపొందిన మార్క్ ఫార్మాట్, అప్పటి కేటలాగు కార్డును యంత్రం చదవగలిగేలా మార్చడానికి పుట్టింది. ఆ కాలానికి అది గొప్ప పనే, గ్రంథాలయాలు ఒకదాని రికార్డు మరొకటి వాడుకోగలిగింది దానివల్లే. అయితే కార్డు సొరుగులోని పరిమితులు కూడా దానితోపాటే కంప్యూటర్లోకి వచ్చేశాయి.

అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా 1998లో వెలువరించిన ఎఫ్‌ఆర్‌బీఆర్ నివేదిక ఈ చిక్కును నాలుగు అంచెలుగా విడదీసింది. రచయిత సృష్టి కృతి. అది మూలభాషలోనో, ఫలానా అనువాదంలోనో పొందిన రూపం పాఠం. ఆ పాఠం ఫలానా ఏడాది ఫలానా సంస్థ ద్వారా వెలువడితే ప్రచురణ. మనం ఇంటికి తీసుకెళ్లేది ప్రతి. పుస్తకంపై అచ్చేసే ఐఎస్‌బీఎన్ సంఖ్య గుర్తించేది ప్రచురణను మాత్రమే కనుక, దాని ఆధారంగా నడిచే వెతుకులాట పై రెండు అంచెలనూ చూడలేదు. వ్యక్తుల పేర్లకూ విషయాలకూ విడిగా వచ్చిన నమూనాలను కూడా కలుపుకొని ఇఫ్లా 2017లో లైబ్రరీ రిఫరెన్స్ మోడల్‌ను ఆమోదించింది. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది, మనిషినీ మనిషి పేరునూ వేరు చేయడం. టాల్‌స్టాయ్, టాల్‌స్టాయి, తోల్‌స్తోయ్ అని మన అచ్చులో ఎన్ని విధాలుగా కనిపించినా అవన్నీ ఒకే వ్యక్తికి చెందిన పేర్లుగా నమోదవుతాయి, ఏది టైపు చేసినా ఆయన పుస్తకాలన్నీ వస్తాయి. పాఠకుడి సమయం ఆదా చేయమని మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. ఆ సూత్రం అమలయ్యే చోటు ఇదే.

ఈ నమూనా వివాదాలకు అతీతమైనదేమీ కాదు. అనువాదం అదే కృతికి మరో పాఠమనీ, సినిమా మాత్రం వేరే కృతి అనీ అది చెబుతుంది. స్వేచ్ఛానువాదం దగ్గరికి వచ్చేసరికి ఆ గీత ఎక్కడ గీయాలో నిపుణులే వాదించుకుంటారు. బిబ్‌ఫ్రేమ్ అనే మరో నమూనా నాలుగు అంచెలకు బదులు మూడింటితోనే సరిపెట్టుకుంది. ఈ వాదనలు తేలే వరకూ ఆగాలనడం మాత్రం సాకే.

ఖర్చు సంగతి చూస్తే, ప్రపంచవ్యాప్త గ్రంథాలయాల ఉమ్మడి కేటలాగు వరల్డ్‌క్యాట్ మీద, దాన్ని నడిపే ఓసీఎల్‌సీ సంస్థ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగింట మూడు వంతులకు పైగా కృతులకు ఒకే ఒక్క ప్రచురణ ఉన్నట్టు తేలింది. వాటి జోలికి పోనక్కర్లేదు. మిగిలినవాటిలోనే పదే పదే అచ్చయ్యే, పదే పదే అనువాదమయ్యే ప్రసిద్ధ గ్రంథాలుంటాయి కనుక శ్రమను అక్కడ పెడితే చాలు. పాత రికార్డుల్లో రచయిత పేరూ, ఒక కృతి రూపాలన్నిటికీ ఉమ్మడిగా వాడే ఏకరూప శీర్షికా సరిగా నింపి ఉన్నచోట కృతులను ప్రోగ్రామే గుదిగుచ్చగలదు. ఆ గడి ఖాళీగా వదిలేసిన చోట మనిషే కూర్చుని సరిచేయాలి, కనుక కేటలాగర్ల ఖాళీలు భర్తీ చేయకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే కొనడం వృథా.

కొనుగోలు నిబంధనలు రాసే అధికారులకు నా విజ్ఞప్తి. సాఫ్ట్‌వేర్ ప్రదర్శన రోజున, అనేక అనువాదాలూ ముద్రణలూ ఉన్న ఒక నవల రికార్డులను అమ్మకందారు చేతికి ఇచ్చి, ఫలానా అనువాదాన్ని ఏ ముద్రణలోనైనా సరే రిజర్వు చేసి చూపించమని అడగండి. తరువాత ఆ రికార్డులను, వాటి మధ్య సంబంధాలు తెగకుండా, మరో వ్యవస్థలోకి ఎగుమతి చేసి చూపించమనండి. ఈ రెండూ చేయలేని సాఫ్ట్‌వేర్‌కు ప్రజాధనం చెల్లించవద్దు.

ఇట్లు,
ఒక గ్రంథాలయ పాఠకుడు