ఇంట్లో చేసే సిరా: 6, 7, 8 తరగతుల పిల్లల తల్లిదండ్రులకు

నమస్కారం.

ఈసారి సైన్సు పనిగా పిల్లలు ఇంట్లో చేసిన సిరా ఒక చిన్న సీసాలో తేవాలి. బీట్‌రూట్ రసం తెచ్చినా కాదనం కానీ, నిలిచే సిరా కావాలంటే కరక్కాయే దారి. మన శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పుట్టేదీ దీనివల్లే. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డమీద, తుప్పు ఇనుము, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్లతో గీస్తారు. కరక్కాయలోని వగరు పదార్థం టానిన్‌కు ఇనుము తగిలితే నలుపు తేలుతుంది.

వారం ముందే గాజు సీసాలో గుప్పెడు తుప్పు మేకులు వేసి, మునిగేదాకా వెనిగర్ పోయండి. లోపల గ్యాస్ పుడుతుంది, మూత బిగించకుండా గుడ్డ కట్టండి. తర్వాత వడకట్టుకోవాలి. ఇవే ఇనుప నీళ్లు.

కరక్కాయలు మూలికల అంగట్లో దొరుకుతాయి. 50 గ్రాములు చాలు. గింజ తీసేసి పెచ్చులు కచ్చాపచ్చాగా దంచి, 400 మి.లీ. నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. మెత్తగా పొడి కొడితే మడ్డి వడకట్టులో దిగిపోయి సిరా గరగరలాడుతుంది. పొద్దున స్టీలు గిన్నెలో సన్నసెగన సగమయ్యేదాకా కాచి, పలుచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లే ఉండాలి.

చల్లారిన 100 మి.లీ. కషాయంలో ఇనుప నీళ్లు ఒక్కో చెంచా కలుపుతూ, ప్రతిసారీ కాగితంమీద గీసి చూడండి. గీసినప్పుడు బూడిదరంగులోనే ఉంటుంది. గాలి తగిలి కొన్ని గంటల్లో నల్లబడుతుంది. చాలామంది ఆ కాస్త ఆగలేక ఇంకో రెండు చెంచాలు పోసేస్తారు. ఇనుము ఎక్కువైతే గీత గోధుమరంగుకు తిరుగుతుంది, కొన్నాళ్లకు కాగితాన్నే తినేస్తుంది.

చివర్లో చెంచాడు తుమ్మజిగురు పొడి గోరువెచ్చని నీళ్లలో కరిగించి కలపండి. జిగురు లేకపోతే అక్షరం కాగితంలో పాకిపోతుంది, ఎక్కువైతే పుల్లకు అంటుకుని జారదు. బూజు పట్టకుండా రెండు లవంగాలు వేసి ఫ్రిజ్‌లో ఉంచండి. రాయడానికి చెక్కిన వెదురుపుల్ల వాడండి. ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి, పాళీ తుప్పు పడుతుంది, దారి పూడుకుపోతుంది.

కూరగాయల రంగుల సంగతి. బీట్‌రూట్, బచ్చలిపండ్లు ఎక్కువ కాచకుండా పిండి, చెంచాడు వెనిగర్ కలిపితే ఎరుపు కొన్నాళ్లు ఆగుతుంది. ఎండ తగిలితే వెలిసిపోతుంది. ఎర్రగడ్డ (ఉల్లి) పొట్టు కాచి చిటికెడు పటిక వేస్తే మంచి పసుపు వస్తుంది. 7వ తరగతివాళ్లకు మా సిఫారసు శంఖుపూలు: పాతిక పూలను 100 మి.లీ. వేడినీళ్లలో పావుగంట ఉంచితే నీలం, నిమ్మచుక్క పడితే ఊదా, వంటసోడా పడితే ఆకుపచ్చ. ఆమ్లాలు, క్షారాల పాఠానికి వేరే లిట్మస్ అక్కర్లేదు. పసుపు పొడి నీళ్లలో కరగదు, అడుగున పేరుకుంటుంది, దాన్ని వదిలేయండి. గన్నేరు, ఉమ్మెత్త పూలు విషం, అస్సలు తెంపనివ్వకండి.

సీసామీద పిల్లల పేరు, తరగతి, వాడిన సరుకు, చేసిన తేదీ రాయండి. ‘తాగరాదు’ అని కూడా. కరక్కాయ సిరా యూనిఫాంమీద పడితే ఏ సబ్బుకూ వదలదు, పాత చొక్కా తొడిగి కూర్చోబెట్టండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
తిరుపతి