కనకాంబరానికి చుట్టం

అమలాపురం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్,

మొన్న ఫోన్లో మాట మధ్యలోనే ఆగిపోయింది. నీ బల్ల మీద పెట్టుకోడానికి చిన్న మొక్క ఏదైనా చెప్పమన్నావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది, అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను. అమ్మ భోంచేసి నడుం వాల్చింది. బయట వాన సన్నగా పడుతోంది.

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక మూణ్ణెల్లు పెరట్లోకి దిగొద్దన్నారు కదా. ఆవిడ సంగతి నీకు తెలియందా, పొద్దున్నే నూతి చుట్టూ ఉన్న కనకాంబరాలు చూసి వస్తే గానీ కాఫీ గొంతు దిగదు. అలాంటిది మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేది. నాకు చూడబుద్ధి కాలేదురా. ఓ రోజు రాజమండ్రి వెళ్ళి తిరిగొస్తూ కడియపులంక దగ్గర దిగాను. హైవే పక్కన నర్సరీలన్నీ తిరిగితే ఒకచోట అరచేతిలో పట్టే కవర్లో కనిపించింది. ముదురాకుపచ్చ ఆకు, దాని మీద గులాబీ రంగు ఈనెలు, ఎవరో కూర్చుని ముగ్గు వేసినట్టు. ఫిట్టోనియా అంటారని చెప్పారు.

మొదటిది నా చేతుల్లోనే పోయింది. తెచ్చిన నాలుగో రోజు సాయంత్రం చూస్తే ఆకులన్నీ కుండీ అంచు మీదికి వాలిపోయి ఉన్నాయి. గబగబా నీళ్ళు పోశాను. రాత్రి పడుకునే వేళకి ఏమీ జరగనట్టు మళ్ళీ నిలబడింది. అమ్మ ఎంత సంబరపడిందో! వారం తర్వాత మళ్ళీ వాలింది. మళ్ళీ పోశాను. ఈసారి లేవలేదు. మర్నాడు ఇంకాస్త పోశాను. మూడో రోజుకి కాడలు మొదట్లో నల్లబడి, పట్టుకుంటే మెత్తగా ఊడొచ్చేశాయి. కుండీ బోర్లించి చూస్తే వేళ్ళు తెల్లగా ఉండాల్సింది పోయి గోధుమరంగుకి తిరిగి, కుళ్ళు వాసన. వేళ్ళ చుట్టూ నర్సరీలో పెట్టిన బంకమట్టి ముద్ద ముద్దలాగే ఉంది, నీళ్ళు దిగే దారే లేదు.

అప్పుడు తెలిసింది, ఈ మొక్క దాహమైనా వాలిపోతుంది, నీళ్ళెక్కువైనా వాలిపోతుంది. ఆకులు పల్చన, లోపల నీళ్ళు దాచుకునే చోటు లేదు, అందుకని మట్టి ఎండగానే సొమ్మసిల్లుతుంది. మట్టిలో నీళ్ళు నిలిచిపోతే వేళ్ళకి గాలాడక కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు కాబట్టి కుండీ నిండా తడి ఉన్నా పైన ఆకుకి దాహమే. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. అందుకే ఆకు వాలగానే చెంబు అందుకోకు. ముందు వేలు మొదటి కణుపు దాకా మట్టిలోకి దించి చూడు. పొడిగా తగిలితే అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పొయ్యి, పళ్ళెంలో మిగిలింది పారబొయ్యి. తడి తగిలితే చెయ్యి వెనక్కి తీసుకో. అలాగని వాలేదాకా ఆగడం కూడా అలవాటు చెయ్యకు. లేస్తుంది గానీ అలా పదే పదే అయితే కింది ఆకులు రాలిపోయి మోడులా తయారవుతుంది.

రెండోది తెచ్చినప్పుడు ఆ బంకమట్టిని నీళ్ళలో నానబెట్టి, వేళ్ళు తెగకుండా వదిలించాను. మన ఒండ్రుమట్టి జోలికే పోలేదు. వరికి బంగారం గానీ కుండీలో ఇటుకలా బిగిసిపోతుంది. సగం కొబ్బరి పొట్టు, మిగతా సగంలో ఎర్రమట్టి, వర్మికంపోస్టు, గుప్పెడు ఇసుక. కొబ్బరి పొట్టుకి కోనసీమలో కొదవేముంది! రెండుసార్లు కడిగి వాడాను, అందులో ఉప్పు ఉంటుంది. బోరు నీళ్ళు కూడా మాకు ఉప్పే, అందుకని వాననీళ్ళు పట్టి పోస్తున్నాను.

నీకో సంగతి చెప్పాలి. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా, పెరూ వైపు అడవుల్లో పెద్ద చెట్ల నీడన నేలకి అంటుకుని పాకుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో వృక్షశాస్త్రం మీద రాసిన ఫిట్టన్ అక్కచెల్లెళ్ళు ఎలిజబెత్, శారా మేరీ పేరే దీనికి పెట్టారు. అంత దూరపుదైనా కనకాంబరం, అడ్డసరం, నేలవేము, అన్నీ దీని కుటుంబమేరా! గట్ల మీద ఊదాపూల మొక్క గుర్తుందా, ఎండిన కాయల్ని ఉమ్ముతో తడిపి అరచేతిలో పెట్టుకుంటే టప్పుమని పేలేవి, బడికెళ్తూ నా చొక్కా జేబులో వేసేవాడివి? అదీ వీళ్ళలోదే. అమ్మకి చెబితే మొదట నమ్మలేదు. తర్వాత ఓ రోజు దీనికి వెన్ను వేసింది, వేలెడంత, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఆకుపచ్చ రేకులు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "కనకాంబరం వెన్నేగా ఇది, మన చుట్టమే" అంది. పువ్వు మటుకు చిన్నది, అందమేమీ లేదు. వెన్ను తుంచేస్తే బలం ఆకుకి పోతుందంటారు. అమ్మ తుంచనివ్వలేదు.

నీ ఫ్లాట్ గురించి ఆలోచించాను. ఇక్కడ గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి దానికి హాయి. హైదరాబాద్‌లో గాలి పొడి, పైగా నీ గదిలో ఏసీ. ఆ గాలి నేరుగా తగిలితే ఆకు అంచులు మాడతాయి. వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగకుండా నీళ్ళు పోసి, వాటి మీద కుండీ పెట్టు. తూర్పు కిటికీకి పల్చటి తెర ఉంది కదా, దాని వెనకాల చాలు. నేరుగా ఎండ పడితే ఆకు కాలిపోతుంది. మరీ చీకట్లో పెడితే కాడలు సాగి ఈనెల రంగు వెలిసిపోతుంది. చలికాలం రాత్రుళ్ళు బాల్కనీలో మాత్రం ఉంచకు, పదిహేను డిగ్రీల కిందికి దిగితే తట్టుకోలేదు. పిల్లి ఆకు కొరికినా భయం లేదు, విషం కాదు.

పోయిన నెల కొసలు గిల్లినప్పుడు మూడు కొమ్మలు పారెయ్యకుండా కణుపు కిందికి కత్తిరించి, తడి కొబ్బరి పొట్టులో గుచ్చాను. మూడు వారాలకి మెల్లిగా లాగి చూస్తే ఊడి రాలేదు, వేళ్ళు పట్టాయి. ఒకటి నీది. దసరాకి వచ్చేటప్పుడు మూతున్న వెడల్పాటి గాజు సీసా తెచ్చుకో, బస్సులో ఏసీ గాలి తగలకుండా అందులో పెట్టి ఇస్తాను.

అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా నూతి దాకా నడుస్తోంది. నిన్ను అడిగినట్టు రాయమంది.

ఉంటాను మరి.