మూత తీయనివ్వని ప్రాక్టికల్: 10,133 రూపాయల లెక్క

గుంటూరు,
12-11-2025

శాఖా మేనేజరు గారికి,
డెస్క్‌టాప్ సపోర్ట్, హెల్ప్‌డెస్క్ శిక్షణ విభాగం,
ఏలూరు రోడ్డు, విజయవాడ.

విషయం: జూలై బ్యాచ్‌కు ఇస్తామన్న ప్రాక్టికల్ గంటలు ఇవ్వకపోవడం, ఆ మేరకు ఫీజు వాపసు.

అయ్యా,

నేను మీ జూలై బ్యాచ్ విద్యార్థినిని. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ఆరేళ్లుగా బిల్లింగ్ చూస్తున్నాను. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా అయ్యాయో, ఏ రైతుకు ఎంత తక్‌పట్టీ (రైతు చేతికిచ్చే అమ్మకం లెక్క చీటీ) కట్టామో పైసలతో సహా రాయడం నా పని. అదే అలవాటుతో మీ క్లాసుల సంగతి కూడా రోజూ నోటుబుక్కులో ఎక్కించాను. ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి వదిలారు, అందులో నా చెయ్యి కీబోర్డు మీదో స్క్రూడ్రైవరు మీదో ఉన్నది ఎన్ని నిమిషాలు అని. ఈ ఉత్తరంలో అంకెలన్నీ ఆ పుస్తకంలోవే.

ఇదివరకు ఫోన్లో రెండుసార్లు, ఆఫీసుకు వచ్చి ఒకసారి చెప్పాను. రిసెప్షన్లో అమ్మాయి "వాట్సాప్ గ్రూపులో పెట్టండి మేడమ్, సార్ చూస్తారు" అంది. పెట్టాను. పావుగంటలో నన్ను గ్రూపులోంచి తీసేశారు. సార్ చూసినట్టే ఉన్నారు. అందుకే ఇప్పుడు స్పీడ్ పోస్టు.

మీ కరపత్రం నా దగ్గర భద్రంగా ఉంది. 120 గంటలు, సగం థియరీ, సగం ప్రాక్టికల్, ఒక్కొక్కరికి ఒక సిస్టమ్, చివర్లో ఉద్యోగం గ్యారంటీ. ఫీజు 24,000. జూలై 5న 14,000, ఆగస్టులో 10,000 కట్టాను. జీఎస్‌టీ బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రబ్బరు ముద్ర వేసి ఇచ్చారు, జీఎస్‌టీ నంబరు లేదు. మా కొట్టులో అలాంటి చీటీ చేతిలో పెడితే రైతు గుమ్మం దిగడు.

జూలై 7 నుంచి అక్టోబరు 10 దాకా జరిగిన క్లాసులు మొత్తం 74 గంటలు. అందులో ప్రాక్టికల్ 9 గంటల 20 నిమిషాలు. మిగతాదంతా గోడ మీద స్లైడ్లు. థియరీ 60 గంటలే అన్నారు కాబట్టి పైన పడ్డ నాలుగు గంటల నలభై నిమిషాలు కొసరు కింద తీసుకున్నాను. పేచీ కొసరు మీద కాదు, అసలు మీద.

పొద్దున యార్డు, మధ్యాహ్నం విజయవాడ బస్సు. రానుపోను మూడు గంటలు. ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పుణ్యమా అని ఆధార్ చూపించి జీరో టికెట్ మీద వచ్చాను, లేకపోతే ఆ ఛార్జీలు కూడా ఈ కాగితంలోకి ఎక్కేవి. అంత దూరం వచ్చి, మూడంతస్తులు ఎక్కితే ల్యాబుకు తాళం. తాళంచెవి సారు దగ్గర, సారు ఇంకో బ్రాంచిలో. ఇలా 11 రోజులు.

ల్యాబు తెరిచిన రోజుల్లో మాత్రం ఏం ఒరిగింది? 22 మందికి ఆరు సిస్టమ్‌లు. వెలిగేవి నాలుగు. ఒక్కోదాని చుట్టూ ఐదారుగురం మూగితే మౌసు ముందు కూర్చున్నవాడిదే చదువు, మాకు వాడి వీపు దర్శనం. వెలగని రెండింటిని చూసి నాకు ఆశ పుట్టింది. "సార్, ఇవెందుకు వెలగట్లేదో విప్పి చూద్దామా?" అని అడిగాను. "వాటి జోలికి పోవద్దు, వారంటీ పోతుంది" అన్నారు. వాటి మీద ఉన్నది విండోస్ 7 స్టిక్కరు. ఆ విండోస్‌కు మైక్రోసాఫ్టే 2020 జనవరిలో నీళ్లొదిలేసింది. ఇంకా వారంటీ ఇస్తున్న ఆ మహానుభావుడెవరో చెబితే మా కొట్టు కంప్యూటర్లు కూడా అక్కడే కొంటాం. కంప్యూటర్ బాగుచేయడం నేర్పే చోట, పాడైన కంప్యూటర్‌ను ముట్టుకోకూడదు! బందరు కాలువ గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పినట్టుంది.

మీకు రావలసిన మంచి మాట ఒకటుంది, అదీ రాస్తాను. సెప్టెంబరులో మీ రోజువారీ సారు సెలవు పెడితే నాలుగు రోజులు ఇంకొకాయన వచ్చారు. నా 9 గంటల 20 నిమిషాల్లో ఏడు గంటలు ఆయనవే. మేం టీకి కిందికి దిగినప్పుడు ఆయన ఒకదానిలో ర్యామ్ (మెమరీ పలక) సగం ఊడదీసేవారు, ఇంకోదాని మానిటర్ తీగ వదులు చేసేవారు, మూడోదాని తేదీ ఐదేళ్లు వెనక్కి తిప్పేవారు. మేం పైకొచ్చాక, "ఏమైందో కనుక్కోండి, నేను పేపరు చదువుకుంటా" అనేవారు. ర్యామ్ కదిలితే చాలా బోర్డులు బీప్ కొడతాయని, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి గట్టిగా నొక్కితే చాలాసార్లు లేచి కూర్చుంటుందని, తేదీ తప్పైతే నిక్షేపంగా ఉన్న వెబ్‌సైట్లు కూడా సురక్షితం కాదని మొరాయిస్తాయని, రోజూ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చాలని తెలిసింది ఆ నాలుగు రోజుల్లోనే. ఐదో రోజు ఆయన రాలేదు. సిస్టమ్‌లు పాడుచేస్తున్నారని మాన్పించారని పిల్లలు అనుకున్నారు. అదే నిజమైతే, మీ దగ్గర కోర్సు నడిపిన ఒకే ఒక్క మనిషిని కోర్సు నడిపినందుకే పంపేశారు.

ఇక మా కొట్టులో నా పరువు పోయిన సంగతి. ఆగస్టులో, కోల్డ్ స్టోరేజీ సరుకు అమ్మకాలు నడుస్తుండగా, తక్‌పట్టీలు ప్రింటు కావడం ఆగిపోయింది. ఏది పంపినా క్యూలో చేరుతోంది, కాగితం మాత్రం కదలదు. గుమ్మంలో రైతులు నిలబడి ఉన్నారు. అప్పటికే ప్రింటర్ల మీద మీ దగ్గర మూడు క్లాసులు విన్నాను. లేజర్ ప్రింటరులో కాగితం మీదికి అక్షరం వచ్చే దశలు ఏడు, ఏడూ వరసగా అప్పజెప్పగలను. "కోర్సు చేస్తున్నావుగా, చూడమ్మా" అన్నారు షావుకారు గారు. ఆపేసి మళ్లీ వేశాను. అంతటితో నా విద్య అయిపోయింది.

అరండల్‌పేట నుంచి సర్వీసు కుర్రాడు వచ్చాడు. రాగానే కంప్యూటర్ మీద చెయ్యి వేయలేదు. "అక్కా, నిన్న వచ్చిందా? నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అని అడిగాడు. పొద్దున పెద్ద ఫైలు ప్రింటుకు ఇచ్చినప్పుడు కరెంటు పోయిందని అప్పుడు గుర్తొచ్చింది నాకు. సర్వీసెస్‌లోకి వెళ్లి ప్రింట్ స్పూలర్‌ను (ప్రింటుకు పంపినవాటిని వరసలో పెట్టే ప్రోగ్రామును) ఆపాడు, సిస్టమ్32 లోపల స్పూల్, దాని లోపల ప్రింటర్స్ అనే ఫోల్డరులో ఇరుక్కున్న ఫైళ్లు తీసేశాడు, స్పూలర్‌ను మళ్లీ నడిపించాడు. ఆగిన తక్‌పట్టీలు కటకటమంటూ బయటికొచ్చాయి. మూడు నిమిషాలు, 300 రూపాయలు. పోతూ పోతూ సీపీయూ మూత తీసి దుమ్ము కూడా దులిపాడు. మిర్చి యార్డులో సీపీయూ మూత తీయడమంటే ఏమిటో విజయవాడలో ఉన్న మీకు తెలియకపోవచ్చు. ఎదురు కొట్టు వాళ్లు కూడా తుమ్మారు.

ఆ కుర్రాడు అడిగిన ఆ ఒక్క ప్రశ్న మీ 74 గంటల్లో నాకు ఎవరూ నేర్పలేదు. అది ఎంత పెద్ద లోటో అక్టోబరు 24న తెలిసింది. ఉద్యోగం గ్యారంటీ కింద మీరు పంపిన ఏకైక ఇంటర్వ్యూ అది, విజయవాడలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐటీ విభాగంలో. అక్కడి పెద్దాయన నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, తాను నా వెనక ఒక సిస్టమ్ ముందు కూర్చున్నారు. "నేను ఓపీ కౌంటరులో పనిచేసే అమ్మాయిని. నెట్ రావట్లేదు, పేషెంట్లు అరుస్తున్నారు. మీకు ఫోన్ చేశాను. చెప్పండి" అన్నారు.

నేను ఓఎస్ఐ మోడల్, అదే నెట్‌వర్కును ఏడు పొరలుగా చెప్పే పాఠం, మొదలుపెట్టాను. ఫిజికల్ లేయర్, డేటా లింక్ లేయర్... మూడో పొర దగ్గర ఆయన ఆపారు. "అమ్మా, పేషెంట్లు వెళ్లిపోయారు" అన్నారు.

తేరుకుని, సిస్టమ్ నెట్‌వర్క్ అడ్రసు చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండు కొట్టమన్నాను. ఆయన అంకెలు చదివారు, 169.254 తో మొదలయ్యాయి. అది నాకు తెలుసు, ఆ నాలుగు రోజుల సారు చెప్పిందే. అడ్రసు ఇవ్వమని, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని అడిగితే జవాబు రాక కంప్యూటర్ తనంతట తాను పెట్టుకున్న నంబరది. రిలీజ్, రెన్యూ, అంటే ఆ అడ్రసు వదిలి కొత్తది అడగడం, చేయమన్నాను. "చేశానండీ, రాలేదు" అన్నారు. ఆపైన నా దగ్గర ఏమీ లేదు. తిరిగి చూడమన్నారు. బల్ల మీద చిన్న నెట్‌వర్క్ స్విచ్, ఒక నెట్ తీగను చాలా సిస్టమ్‌లకు పంచే పెట్టె. సిస్టమ్ నుంచి స్విచ్‌కు తీగ బాగానే ఉంది, లైటు వెలుగుతోంది. స్విచ్ నుంచి గోడకు వెళ్లే తీగ మాత్రం సగం ఊడి వేలాడుతోంది. "పక్క సిస్టమ్‌లో వస్తోందా అని అడిగుంటే రావట్లేదని చెప్పేవాణ్ని. అప్పుడు తప్పు ఈ సిస్టమ్‌ది కాదని మీకే తెలిసేది. పొద్దున ఎవరైనా ఊడ్చారా, బల్ల జరిపారా అని అడిగుంటే పని అయిపోయేది. మీకు విషయం వచ్చు, అడగడం రాదు" అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

బయటికొచ్చి బస్టాండు దాకా నడుస్తూ నోటుబుక్కులో ఆ రోజు తేదీ కింద ఏం రాయాలో తోచక ఖాళీ వదిలేశాను. మీ లెక్కలో రాని రోజు అదొక్కటే.

మిగతావి క్లుప్తంగా. మాకిచ్చిన మెటీరియల్, కంప్యూటర్ సపోర్ట్ ఉద్యోగాలకు రాసే ఏ ప్లస్ పరీక్ష 901 సిలబస్ జిరాక్సు, ఆ పరీక్షను 2019లోనే ఎత్తేశారు. మా కోర్సు ముగిసిన నాలుగు రోజులకు, అక్టోబరు 14న, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. మా యార్డులోనే నలుగురు నన్ను అడిగారు, మా సిస్టమ్‌కు 11 ఎక్కుతుందా అని. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం ఉంటే చాలదని, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలని, కొన్నిటిలో అది ఉండి కూడా బయాస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుందని నేను సొంతంగా చదివి చెప్పాను. మీరు అప్పటికి డీవీడీ పెట్టి విండోస్ 7 ఎక్కించడం చూపిస్తున్నారు. హెల్ప్‌డెస్క్ అని బోర్డు మీద రాశారు గానీ ఒక్క టికెట్ (యూజరు ఫిర్యాదు నమోదు) రాయించలేదు. పాస్‌వర్డ్ మర్చిపోయానని ఫోన్ చేసిన మనిషి ఆ మనిషేనా అని ఎలా తేల్చుకోవాలో చెప్పలేదు. ఆఫీసులో అందరి లాగిన్‌లనూ ఒకేచోట నడిపే యాక్టివ్ డైరెక్టరీని స్లైడు మీద చూశాం, తెరిచి చూడలేదు. ఖర్చని అనకండి, అది నడిచే విండోస్ సర్వర్ 180 రోజుల ట్రయల్ ఉచితంగానే దొరుకుతుంది. సర్టిఫికెట్ మాత్రం గూగుల్‌లో ఐదు నక్షత్రాలు పెడితేనే ఇస్తామన్నారు. నేను పెట్టలేదు, మీరు ఇవ్వలేదు.

ఇప్పుడు అసలు లెక్క. 120 గంటలకు 24,000 అంటే గంటకు 200. ఇస్తామన్న ప్రాక్టికల్ 60 గంటలు, ఇచ్చింది 9 గంటల 20 నిమిషాలు, బాకీ 50 గంటల 40 నిమిషాలు. అంటే 10,133 రూపాయలు. పైసలు వదిలేశాను. జరిగిన థియరీకి ఒక్క రూపాయి కూడా వెనక్కి అడగడం లేదు.

లేదూ, డబ్బు తిరిగివ్వడం మీకు కష్టమనుకుంటే ఆ బాకీ గంటలే ఇవ్వండి. ఇద్దరికి ఒక సిస్టమ్ ఉన్నా చాలు. ఆ వెలగని రెండూ మాకు వదిలేయండి. ఆ నాలుగు రోజుల సారును పిలిపించండి. రోజుకో గంట ఫోన్ పట్టుకుని యూజరుతో మాట్లాడే అభ్యాసం, దాన్ని టికెట్‌గా రాసే అభ్యాసం ఉండాలి. నాకైతే డబ్బు కన్నా ఇదే ఇష్టం. నాతోపాటు చదివిన ఎనిమిది మంది కూడా ఇదే మాట అన్నారు, వాళ్ల ఉత్తరాలు విడిగా వస్తాయి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉండే చోటే, అంటే గుంటూరులోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు విషయానికి రుసుము కూడా లేదు. ఉద్యోగం గ్యారంటీ అన్న మీ కరపత్రం సంగతి వేరే. కోచింగ్ సంస్థల ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, ఉద్యోగ గ్యారంటీ అని అబద్ధపు మాట ఇవ్వకూడదని అందులో ఉంది. మీ దగ్గర కాపీ లేకపోతే పంపుతాను.

జవాబు వాట్సాప్‌లో వద్దు. గ్రూపులో నేను లేను.

ఇట్లు,
జూలై బ్యాచ్ విద్యార్థిని
(పేరు, చిరునామా మీ రెండు తెల్ల చీటీల మీద ఉన్నవే)

జత: రెండు చీటీల నకళ్లు, కరపత్రం నకలు, నోటుబుక్కులో 14 పేజీల జిరాక్సు. అక్టోబరు 24 నాటి పేజీ ఖాళీగా ఉంటుంది, జిరాక్సు పొరపాటు కాదు.