అమ్మమ్మ పూజపెట్టెలోని వెండి బిళ్ళ: ఒక పెద్దమనిషికి కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం నుంచి మా అమ్మ ఒక పాత క్యాలెండరు కాగితాన్ని చేతిలోంచి దించడం లేదు. నాలుగు నెలలు తిరిగిన అలసట నాకింకా తీరలేదు గానీ, ఆ కాగితం రాసి ఇచ్చి వెళ్లిన పెద్దమనిషికి నాలుగు మాటలు చెప్పుకోకుండా నిద్ర పట్టేలా లేదు.

అమ్మమ్మ పూజపెట్టెలో ఒక వెండి బిళ్ళ ఉండేది. ఒక వైపు ఎవరో దొర తల, రెండో వైపు కత్తి పట్టి గుర్రమెక్కిన దిగంబర పురుషుడు. కత్తీ గుర్రమూ ఉన్నాయి గనుక అమ్మమ్మ ఆయనను కల్కిమూర్తిగా భావించి, పండుగ పండుగకూ చింతపండుతో తోమి పసుపు కుంకుమ పెట్టేది. "మా నాన్న బస్రా వెళ్లి తెచ్చాడు" అని ఆవిడ చెబితే, పల్లెటూరి మనిషి పలుకు అలా తిరిగిందనుకొని మేమంతా దానిని బాసరగా సరిదిద్దుకొని, సరస్వతీ అమ్మవారి దర్శనానికి వెళ్లిన ముత్తాత తెచ్చిన యాత్రా గుర్తు అనే ఇన్నాళ్లూ నమ్మాం.

ఎనభై రెండేళ్ల అమ్మకు దాని వయసు తెలుసుకోవాలనిపించింది. నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు అవుతుందని 1972 నాటి చట్టం చెబుతుంది. దాటిందో లేదో చూసి చెప్పమని పురావస్తు కార్యాలయానికి వెళితే మూడు గదులు తిప్పి, చివరికి వయసు ధ్రువీకరణ పత్రం తెస్తేనే పరిశీలిస్తామన్నారు. అది తెలియకనే కదా వచ్చానంటే సమాధానం లేదు. ఒక వ్యాపారి దానిని 1911లో బ్రిటిష్ రాజు పట్టాభిషేకానికి జరిపిన ఢిల్లీ దర్బారు పతకమన్నాడు. మరొకరు నేరుగా తక్కెడలో వేసి, కరిగిస్తే ఎంత వస్తుందో చెప్పారు.

ఆ తక్కెడ ముందు నిలబడి ఉన్నప్పుడు పక్కనుంచి "అమ్మా, తొందరపడకండి" అన్న మాట వినిపించింది. తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన పేరు రాయవద్దన్నారు. మరుసటి వారం మమ్మల్ని రమ్మనకుండా తానే ప్యాసింజరు రైలెక్కి, టిఫిను డబ్బాలో భూతద్దమూ కొలత పరికరమూ పెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అడ్డకొలత 36 మిల్లీమీటర్లు. దర్బారు పతకం 38.5 ఉంటుందనీ, దాని మీద రాజు పక్కన రాణి కూడా ఉంటుందనీ, వెనుక పారశీక లిపి ఉంటుందనీ, కనుక ఇది అది కాదనీ అన్నారు. నాటి రూపాయి మీద కిరీటంతో కనిపించే ఆ రాజు అయిదవ జార్జి ఇక్కడ కిరీటం లేకుండా ఉన్నాడని అమ్మకు భూతద్దంలో చూపించారు.

ఎవరో మెడలో వేసుకోవడానికి బిళ్ళ చుట్టూ వెండి కట్టు వేయించారు. అమ్మ అనుమతితో దానిని విప్పించాక, అంచుకు ఆనుకొని 1914, 1918 అనే అంకెలు బయటపడ్డాయి. అది మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారి కోసం 1919లో నెలకొల్పిన బ్రిటిష్ యుద్ధ పతకం. గుర్రం మీదివాడు ఇంగ్లండు వారు కొలిచే క్రైస్తవ సాధువు సెయింట్ జార్జి, కాళ్ల కింద నలుగుతున్నది గద్ద బొమ్మ ఉన్న శత్రువు డాలు. తోమి తోమి ముఖాలు అరిగిపోయినా, కట్టు కప్పి ఉంచిన అంచు మాత్రం నిన్న చెక్కినట్లే ఉంది. దాని మీద ఒక సంఖ్య, సాపర్ అనే హోదా, రెండక్షరాలు తప్పుగా పడిన మా ముత్తాత పేరు, ఆయన పనిచేసిన దళం గుర్తు ఉన్నాయి. ఆ దళం బెంగళూరు కేంద్రంగా వంతెనలు, దారులు, కందకాలు పని చూసిన మద్రాస్ సాపర్లది. ఆ దళం వారు మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, పనిచేశారట, అక్కడి రేవు బస్రా. "పతకం బస్రా అని చెప్పదు అక్కయ్యగారూ, ఆ సాక్ష్యం మీ అమ్మగారి మాటే" అని ఆయన అమ్మతో జాగ్రత్తగా అన్నారు.

అంత సన్నని ఇంగ్లీషు అక్షరాలు అమ్మ కంటికి ఆనవు. అది గమనించి, గోడ మీది పాత క్యాలెండరు నెల ఒకటి చింపమని అడిగి, వెనుక వైపు ఆ అంచు మీది వరుసనంతా బొటనవేలంత తెలుగు అక్షరాల్లో రాసి, పేరు దగ్గర తప్పును తప్పుగానే ఉంచి, కింద సరైన పేరు రాసి అమ్మ చేతికిచ్చారు. తన తాత పేరును రాతలో చూడడం అమ్మకు అదే మొదటిసారి. కూడబలుక్కొని పైకి చదివింది. నేను మజ్జిగ తెచ్చే నెపంతో లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేకపోయాను. దారి ఖర్చు ఇవ్వబోతే ఆ మజ్జిగ చాలన్నారు.

ఆ యుద్ధంలో పనిచేసిన పంజాబు సైనికుల పేర్లున్న రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో బయటపడి, 2021 నుంచి వారి మనుమలు ఇంట్లో కూర్చొని వెతుక్కుంటున్నారట. మా వంటివారికి దారిలో ఒక మంచి మనిషి తారసపడాలి.

మా వారు, తమ్ముడు వెంట తిరిగారు, వారికి వేరే చెప్పనక్కరలేదు. బిళ్ళకు గీత పడకుండా టంకం విప్పిన కంసాలి గారిని మరిచిపోబోయాను, క్షమించాలి. ఫోటోలు తీసిన పక్కింటి అబ్బాయికీ, ఆ మూడు గదుల్లో కుర్చీ చూపి కూర్చోమన్న ఒక్క అటెండరు గారికీ నమస్కారాలు. ఆ పెద్దాయన గొడుగు మా వరండాలోనే ఉండిపోయింది. ఆదివారం తమ్ముడు దానిని ఆయనకు పట్టుకెళ్లి ఇస్తాడు.