కిడ్నీ రోగుల గుండెను కూడా చూడండి

సంపాదకునికి నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు కారణం నీళ్లా, పురుగుమందులా, ఎండలో చాకిరీనా అని ఏళ్లుగా చర్చ సాగుతూనే ఉంది. సాగాల్సిందే. కానీ ఈ రోగులను హఠాత్తుగా ఆసుపత్రి పాలు చేసే గుండె వైఫల్యం (గుండె రక్తాన్ని సరిగా పంపు చేయలేకపోవడం) గురించి మాట్లాడేవారు తక్కువ. సరిహద్దుకు ఇవతల, ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఉన్న మా తెలుగు కుటుంబాల్లోనూ కిడ్నీ రోగులున్నారు. వాళ్ల తరఫున రాస్తున్నాను.

కిడ్నీలు దెబ్బతింటే ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి. రక్తపోటు పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది, గుండె కండరం మందమై బిరుసెక్కుతుంది. ఆఖరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మా వీధిలో ఒకావిడ పడుకుంటే ఊపిరాడక రాత్రుళ్లు గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. గ్యాస్ అని ఒకరు, ఉబ్బసమని ఇంకొకరు మందులిచ్చారు. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట పూడేది కాదు. ఆ పాదాలను ఎవరూ చూడలేదు. చివరకు ఆక్సిజన్ పెట్టి అర్ధరాత్రి బరంపురం తీసుకెళ్లారు.

ముందే పసిగట్టగల ప్రమాదమిది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆ సంగతి తెలియడానికి ఇంట్లో తూకం యంత్రం, ఒక నోటుపుస్తకం చాలు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవారిలో సైతం రెండు రోజుల విరామం తర్వాత మరణాలు, ఆసుపత్రి చేరికలు పెరుగుతున్నాయని 2011లో అమెరికా అధ్యయనం చూపింది. మన దగ్గర వారానికి రెండుసార్లతోనే సరిపెట్టుకునేవారు ఎందరో. వారికి ప్రతి వారం మూడు రోజుల ఖాళీ తప్పదు.

ఇక తిండి. ఎండుచేప, ఆవకాయ, అప్పడం లేనిదే ముద్ద దిగని ఇళ్లు మావి. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 'ఉప్పు తగ్గించండి' అని చీటీ మీద రాసేస్తే సరిపోదు. కంచంలో ఏది మానాలో, ఏది ఉండొచ్చో వంట చేసే మనిషిని కూర్చోబెట్టి తెలుగులో చెప్పాలి. కీళ్లనొప్పులకు దుకాణంలో చీటీ లేకుండా అమ్మే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీని దెబ్బతీయడమే కాదు, ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి గుండెకూ చేటు చేస్తాయి. ఈ అమ్మకాలను ఔషధ తనిఖీ అధికారులు ఎందుకు పట్టించుకోరో అర్థం కాదు.

డాపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహం మాత్ర మధుమేహం లేని కిడ్నీ రోగులకూ మేలు చేస్తుందని 2020లో పరీక్షల్లో తేలింది. కిడ్నీ క్షీణత నెమ్మదించింది, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడమూ తగ్గింది. ఆ తర్వాత మన దేశంలో పేటెంటు గడువు తీరి ధర దిగింది. డయాలసిస్ దాకా రాని రోగుల్లో ఎవరికి సరిపడుతుందో వైద్యులు నిర్ణయించి రాస్తే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా అందించడం పెద్ద భారం కాదు.

పర్లాకిమిడికి శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం పక్కనే. అదే జిల్లా పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. రోగులు అటూ ఇటూ తిరుగుతుంటారు, వారి కాగితాలు మాత్రం ఏదో ఒక వైపే ఉండిపోతాయి. గజపతి, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లు కలిసి కూర్చుని, రెండు వైపులా చెల్లే ఒకే కిడ్నీ పుస్తకాన్ని తేవాలి. అందులో ప్రతిసారీ బరువు, రక్తపోటు, ఏడాదికోసారి గుండె ఎకో (స్కాన్ పరీక్ష) నమోదు కావాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన వారం లోపు ఆశా కార్యకర్త ఇంటికెళ్లి రోగి బరువు చూసి, ఆ అంకెను డాక్టరుకు ఫోనులో చెప్పే ఏర్పాటు జరగాలి.

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా